సిల్వర్ ఫిల్లింగ్: ఉన్నది తీయించాలా? కొత్తది వేయించాలా?

ఇవాళ్టి టాపిక్ పిప్పి పన్నులో వేసే సిల్వర్ ఫిల్లింగ్. "పన్నుకు సిమెంట్ పెట్టించుకున్నా" అంటాం కదా, అందులో బూడిద రంగులో ఉండే రకం ఇది. దీని మీద రెండు మాటలు వినిపిస్తుంటాయి. "అదే వేయించు, ఏళ్లకేళ్లు కదలదు" అని ఒకరంటే, "అందులో పాదరసం ఉంది, వెంటనే తీయించెయ్" అని ఇంకొకరంటారు. నేను డాక్టర్‌ని కాదు, బీటెక్ చదివి సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినవాణ్ణి. చదివి అర్థం చేసుకున్నది చెప్తా, చివరి మాట మీ డెంటిస్ట్‌దే.

ముందు అసలు ఇదేంటో చూద్దాం. దీని పేరు అమాల్గమ్. వెండి, తగరం, రాగి కలిసిన పొడిని పాదరసంతో కలుపుతారు. బరువులో దాదాపు సగం పాదరసమే. కలపగానే ముద్దలా అవుతుంది, పన్ను గుంతలో గట్టిగా కూరితే కొన్ని గంటల్లో రాయిలా బిగుసుకుంటుంది. అప్పుడు పాదరసం మిగతా లోహాలతో కట్టుబడిపోతుంది. సోడియం, క్లోరిన్ విడివిడిగా ప్రమాదమే కానీ, కలిస్తే మన పప్పులో వేసే ఉప్పు అయినట్టు అన్నమాట. కాకపోతే ఈ పోలిక పూర్తిగా కుదరదు. నమిలినప్పుడు, నిద్రలో పళ్లు కొరికినప్పుడు ఫిల్లింగ్ నుంచి చాలా కొద్దిగా పాదరసం ఆవిరి వస్తుంది. అది ఊపిరితో లోపలికి పోతుంది.

మరి ఆ కొద్దిపాటి ఆవిరి హాని చేస్తుందా? దీని మీద పిల్లలతో రెండు పెద్ద పరీక్షలు చేశారు. ఒకటి అమెరికాలో 534 మందితో, ఇంకోటి పోర్చుగల్‌లోని లిస్బన్‌లో 507 మందితో. కొందరికి అమాల్గమ్, కొందరికి తెల్ల ఫిల్లింగ్ వేసి ఏళ్ల తరబడి గమనించారు. 2006లో ఫలితాలు వచ్చాయి. అమాల్గమ్ వేసిన పిల్లల మూత్రంలో పాదరసం కాస్త ఎక్కువ కనిపించింది. తెలివితేటల్లో, జ్ఞాపకశక్తిలో మాత్రం చెప్పుకోదగ్గ తేడా లేదు.

ఇప్పుడు లాభాలు. దవడ పన్ను మీద నమిలే ఒత్తిడి ఎక్కువ, అమాల్గమ్ దాన్ని బాగా తట్టుకుంటుంది. పదేళ్లు, అంతకన్నా ఎక్కువ నిలిచేవి చాలా ఉంటాయి. వేసేటప్పుడు కొంచెం ఉమ్మి తగిలినా పని చెడదు. తొందరగా అయిపోతుంది, ఖర్చు తక్కువ. పటాన్‌చెరు, బొల్లారం, పాశమైలారం షిఫ్టుల్లో చేసేవాళ్లకు ఇది చిన్న విషయం కాదు. మళ్లీ క్లినిక్‌కి పోవాలంటే ఒక రోజు కూలీ పోతుంది కదా.

నష్టాలు కూడా ఉన్నాయి. రంగు నల్లబడుతుంది. పన్నుకు అతుక్కోదు, అందుకే పట్టు కోసం కొంత మంచి పన్నును కూడా చెక్కాల్సి వస్తుంది. కొందరికి చిగురు మీద బూడిద మచ్చ పడుతుంది, లోహాల అలర్జీ అరుదుగా వస్తుంది.

మరి తెల్లది, అంటే కాంపోజిట్, అన్నిటికీ మందా? అది పన్నుకు అతుక్కుంటుంది, చెక్కేది తక్కువ, చూడ్డానికి బాగుంటుంది. కానీ వేసేటప్పుడు పన్ను పూర్తిగా పొడిగా ఉండాలి, పొరలు పొరలుగా వేసి నీలం లైట్‌తో గట్టిపరచాలి. తొందరపడితే అంచు దగ్గర సందు ఏర్పడి మళ్లీ పిప్పి పట్టొచ్చు. వెనక పళ్లలో కాంపోజిట్ దాదాపు రెండింతలు ఎక్కువగా ఫెయిలవుతుందని కాక్రేన్ సమీక్ష చెప్పింది. అయితే ఆ ఆధారాలు అంత గట్టివి కావని కూడా అదే సమీక్ష చెప్పింది.

ఇక అసలు ప్రశ్న: పాతది తీయించాలా? పాశమైలారంలో పనిచేసే నా ఫ్రెండ్‌కి ఒక క్లినిక్‌లో, నొప్పి లేని నాలుగు సిల్వర్ ఫిల్లింగ్‌లూ తీసి తెల్లవి వేద్దామన్నారట. ఖర్చు దాదాపు వాడి నెల జీతం. పాదరసం భయం ఒక్కటే కారణమైతే అది అవసరం లేదు. అమెరికా ఎఫ్‌డీఏ 2020లో ఇదే చెప్పింది: ఫిల్లింగ్ బాగుంటే వైద్య కారణం లేకుండా తీయొద్దు. ఎందుకంటే డ్రిల్‌తో కోసేటప్పుడే ఆవిరి ఎక్కువగా లేస్తుంది, మంచి పన్ను కూడా కొంత పోతుంది. విరిగినా, కింద పిప్పి పట్టినా, అలర్జీ ఉన్నా సంగతి వేరు.

కొత్తగా వేయించుకునేటప్పుడు మాత్రం జాగ్రత్త. గర్భిణులు, పాలిచ్చే తల్లులు, చిన్న పిల్లలు, కిడ్నీ లేదా నరాల జబ్బులున్నవాళ్లు వేరే రకం అడగడం మంచిది. పాదరసం మీద మినమాటా ఒప్పందం అని ఒకటుంది, 2018లో ఇండియా కూడా అందులో చేరింది. డెంటిస్ట్ తప్పనిసరి అనుకుంటే తప్ప 15 ఏళ్లలోపు పిల్లలకు, గర్భిణులకు, పాలిచ్చే తల్లులకు అమాల్గమ్ వద్దని 2022లో ఒప్పుకున్నారు. యూరోపియన్ యూనియన్ 2025 జనవరి నుంచి ఇంచుమించు పూర్తిగా ఆపేసింది. 2034 నాటికి ప్రపంచమంతా ఆపాలని 2025 నవంబర్‌లో జెనీవాలో నిర్ణయించారు.

"హాని లేదంటున్నావు, మరి ఎందుకు ఆపుతున్నారు?" అంటారా? పెద్ద కారణం నోటి బయట ఉంది. క్లినిక్‌లో కోసిన ముక్కలు, మిగిలిన ముద్ద సింక్‌లో పోస్తే అది కాలువలోకి పోతుంది. నీటి అడుగున బురదలో బ్యాక్టీరియా దాన్ని మిథైల్ మెర్క్యురీగా మారుస్తుంది. అది చేపల్లో పేరుకుని మన కంచంలోకి వస్తుంది. జపాన్‌లోని మినమాటాలో ఒక కెమికల్ ఫ్యాక్టరీ వదిలిన ఇలాంటి పాదరసంతోనే జనం చచ్చిపోయారు. 1956లో ఆ జబ్బు బయటపడింది. ఫ్యాక్టరీ నీళ్లు నక్కవాగులో కలిసి, ఆ నక్కవాగు మంజీరలో కలవడం చూసిన మన ప్రాంతానికి ఈ మాట కొత్తేం కాదు. రోజూ ఆ ఆవిరి పీల్చే డెంటిస్టులు, అసిస్టెంట్లకు కూడా మనకన్నా రిస్క్ ఎక్కువే.

కాబట్టి క్లినిక్‌కి వెళ్తే మూడు ప్రశ్నలు అడగండి. ఒకటి, ఈ ఫిల్లింగ్ ఎందుకు తీయాలి, ఎక్స్‌రేలో ఏం కనిపిస్తోంది? రెండు, నా పన్నుకు ఏ రకం ఎన్నాళ్లు ఉంటుంది? మూడు, అమాల్గమ్ అయితే ముందే కొలిచి ఉన్న క్యాప్సూల్ వాడతారా, వ్యర్థం ఎక్కడ వేస్తారు? ఈఎస్‌ఐ కార్డు ఉంటే అక్కడ ముందు కనుక్కోండి. డెంటల్ కాలేజీ ఆస్పత్రుల్లోనూ ఖర్చు మామూలుగా తక్కువే, మన సంగారెడ్డిలోనే ఎంఎన్ఆర్ ఉంది.

నోట్లో ఉన్నది బాగుంటే ఉండనివ్వండి, కొత్తది మాత్రం అడిగి వేయించుకోండి. ఇంతే ఫ్రెండ్స్, వచ్చే ఎపిసోడ్‌లో కలుద్దాం. రాత్రి పడుకునే ముందు బ్రష్ చేయడం మర్చిపోకండి, అది చేస్తే ఈ ఎపిసోడ్ అవసరమే రాకపోవచ్చు.