నొప్పి లేని పుండు
షుగరు వ్యాధి ఉన్నవారు పాదాలను కాపాడుకొనుట ఎట్లు?

షుగరు వ్యాధి ఉన్నవారిని పలకరించినప్పుడు "ఇప్పుడు షుగరు ఎంత ఉన్నది?" అని అందరమూ అడుగుతాము. "పాదాలు ఎట్లా ఉన్నాయి?" అని అడిగేవారు అరుదు. గృహదర్శనములకు వెళ్ళినప్పుడు మేము ఈ రెండవ ప్రశ్న కూడా అడుగుతూ ఉన్నాము. తరచుగా వినే జవాబు ఒక్కటే: "నొప్పి ఏమీ లేదండి, బాగానే ఉన్నాయి." మమ్మును భయపెట్టేది ఆ జవాబే.

రక్తములో చక్కెర ఏళ్ళ తరబడి ఎక్కువగా ఉంటే పాదాలకు వెళ్ళే నరాలు దెబ్బతింటాయి. కొందరికి మొదట తిమ్మిర్లు, మంటలు, సూదులతో గుచ్చినట్లు ఉండి తరువాత మొద్దుబారుతుంది. మరికొందరికి ఇవేవీ లేకుండానే స్పర్శ పోతుంది. రక్తనాళాలు కూడా సన్నబడి రక్తప్రసరణ తగ్గుతుంది గనుక చిన్న గాయము సైతము త్వరగా మానదు. చుట్ట, బీడీ తాగేవారికి ఈ ప్రమాదము మరీ ఎక్కువ. 2023లో వెలువడిన భారత వైద్య పరిశోధనా మండలి సర్వే ప్రకారము మన దేశములో 10 కోట్లకు పైగా ప్రజలకు షుగరు వ్యాధి ఉన్నది. ఇది పట్నపు ధనవంతుల జబ్బు అనుకొనే రోజులు పోయినవి.

మాకు తెలిసిన ఒక రైతు పెద్దాయనకు పొలము గట్టున తుమ్మముల్లు గుచ్చుకొని లోపలే విరిగినది. అది ఎరుగక నాలుగు రోజులు దమ్ము చేలో తిరిగారు. తెల్లవారి చాప మీద రసి మరక చూసి ఆయన భార్య కనిపెట్టినది. పసుపు, ఆకు పసరు కట్టి ఇంకొక వారము గడిపారు. చివరకు బొటనవేలు తీసివేయవలసి వచ్చినది. "ముల్లు నొప్పి పెట్టి ఉంటే ఆ పూటే తీయించుకొనేవాడిని గదా అయ్యగారూ" అన్నారు ఆయన.

ఈ సంగతిని వైద్యలోకానికి బాగా చూపిన వారిలో ఒకరు డాక్టర్ పాల్ బ్రాండ్. మిషనరీల కుమారుడైన ఆయన 1914లో తమిళనాడులోని కొల్లి కొండలలో పుట్టారు. 1946లో వేలూరు క్రైస్తవ వైద్య కళాశాలకు వచ్చి కుష్ఠు రోగులకు శస్త్రచికిత్సలు చేశారు. వ్యాధి మాంసమును తినివేయుట వలన కాదు, నొప్పి తెలియక తమను తామే గాయపరచుకొనుట వలన వారి వేళ్ళు, పాదాలు పాడగుచున్నవని గ్రహించారు. 1966లో అమెరికాలోని కార్‌విల్ ఆసుపత్రికి వెళ్ళిన తరువాత, షుగరు రోగుల పాదాలకూ అదే పాఠము వర్తిస్తుందని చూపించారు. కుష్ఠు రోగుల కొరకు వాడిన మెత్తని ఎం.సి.ఆర్. రబ్బరు చెప్పులే నేడు షుగరు రోగులకూ ఇస్తున్నారు.

నొప్పి కబురు చెప్పదు గనుక ప్రతి రాత్రి పాదాలను కంటితో చూచుకొనవలెను. దీపము వెలుగులో పైభాగము, అరికాలు, వేళ్ళ సందులు అన్నీ చూడండి. అరికాలు కనబడకపోతే అద్దము పెట్టుకోండి, లేదా ఇంట్లోవారిని చూడమనండి. మామగారి పాదాలు కోడలు పట్టుకొని చూచుట, భార్య పాదాలు భర్త చూచుట మన ఇండ్లలో మొహమాటము. శిష్యుల పాదాలు కడిగిన ప్రభువును ఆరాధించే మనకు ఇందులో చిన్నతనము ఏమున్నది?

స్పర్శ ఉన్నదో లేదో ఇంట్లోనే పరీక్షించవచ్చు. ఇంగ్లాండులోని ఇప్స్‌విచ్ వైద్యులు చూపిన పద్ధతి ఇది. రోగి కళ్ళు మూసుకొనవలెను. ఇంకొకరు రెండు పాదాల బొటనవేళ్ళు, మధ్యవేళ్ళు, చిటికెనవేళ్ళ కొనలను వేలితో మెల్లగా, ఒకటి రెండు సెకండ్లు తాకవలెను, నొక్కరాదు, గీకరాదు. ఆరింటిలో రెండు లేక అంతకు ఎక్కువ చోట్ల తెలియకపోతే స్పర్శ తగ్గినట్లే. డాక్టరుకు చెప్పండి.

పాదాలను గోరువెచ్చని నీటితో కడిగి, వేళ్ళ సందులు పొడిగా తుడవండి. నీటి వేడిని పాదముతో కాదు, మోచేతితో చూడవలెను. మడమల పగుళ్ళకు కొబ్బరినూనె రాయవచ్చు గాని వేళ్ళ సందులలో వద్దు. గోళ్ళు అడ్డముగా తిన్నగా కత్తిరించండి. ఆనెకాయలను బ్లేడుతో కోయుట, తిమ్మిరికి వేడి ఇటుకతో కాపడము పెట్టుట మానివేయండి. చర్మము కాలినా తెలియదు. వేళ్ళు వాచి మెట్టెలు బిగిసిపోతే తీసివేయండి.

ఇంట్లోనైనా వట్టికాళ్ళతో నడవరాదు. చెప్పు జారిపోయినా తెలియదు గనుక వెనుక పట్టీ ఉన్నవి మేలు. తొడిగే ముందు దులిపి, లోపల రాయి, మేకు ఉన్నవేమో చేతితో తడమండి. ఆలయము బయట చెప్పులు విడుచుట మన పల్లెల అలవాటు. ఏప్రిల్, మే నెలల్లో ఆ బండలు ఎంత కాలుతాయో మనకు తెలుసు. స్పర్శ లేనివారిని గుమ్మము వరకు చెప్పులతో రానిచ్చి, లోపల తొడుగుకొనుటకు వేరే జత తెచ్చుకోనివ్వండి. సంఘ పెద్దలు దీనిని తప్పుపట్టరాదని మా అభిప్రాయము.

పుండు, బొబ్బ, చీము, దుర్వాసన, వేలు నల్లబడుట, ఎర్రదనము పాకుట, జ్వరము - వీటిలో ఏది కనబడినా ఆ దినమే ఆసుపత్రికి వెళ్ళండి. గాయము లేకుండానే ఒక పాదము వెచ్చగా వాచితే అదీ ప్రమాదమే. లోపల ఎముకలు దెబ్బతినుచుండవచ్చు, ఆ కాలిమీద నడవకండి. ఏమీ లేకపోయినా ఏడాదికి ఒకసారైనా పాదాలు పరీక్ష చేయించుకోండి. డాక్టరుగారు అడగకపోతే, మీరే మేజోళ్ళు తీసి బల్ల మీద పాదాలు చాచి చూపించండి.