ఫ్రిజ్‌లో దాచిన సీతాఫలం!

మే నెల మండుటెండలో హైదరాబాద్‌లోని ఐస్‌క్రీమ్‌ పార్లర్‌కెళ్లి ‘సీతాఫలం ఉందా?’ అంటే, ఉందంటూ కప్పు చేతికిచ్చేస్తారు. కానీ పాలమూరు బాలానగర్‌ కాయలు బుట్టల్లో దిగేది వినాయక చవితి మొదలు దీపావళి దాటేవరకే. మరి వేసవిలో ఎక్కడిది? ఫ్రీజర్లో దాచింది!

మామిడి గుజ్జునైతే వేడిచేసి డబ్బాల్లో సీలు వేస్తే ఫ్రిజ్‌ లేకుండానే నెలల తరబడి ఉంటుంది. సీతాఫలం అలా మాట వినదు. పొయ్యెక్కిస్తే చేదెక్కుతుంది, గాలి తగిలితే రంగు మారుతుంది. పోనీ కాయనే ఫ్రిజ్‌లో పెడదామా అంటే తొక్క నల్లబడుతుంది. అందుకే పండిన వెంటనే గింజలన్నీ ఏరేసి (అవి నలిగి గుజ్జులో కలిస్తే ప్రమాదం), పల్చటి ప్యాకెట్లలో నింపి గడ్డకట్టిస్తారు. పలుచగా ఉంటే త్వరగా గడ్డకడుతుంది. నెమ్మదిగా గడ్డకడితే మంచు పలుకులు పెద్దవై, కరిగాక గుజ్జు నీళ్లోడుతుంది.

చిన్న పార్లర్లు ఈ గుజ్జును బయట కొంటాయి. ఏడాది సరుకంటే మాటలా, అప్పు తెచ్చి పెట్టే డబ్బు! కాబట్టి బండి రాగానే ముందు చూడాల్సింది బిల్లు కాదు, ఉష్ణోగ్రత. మైనస్‌ 18 డిగ్రీలు, అంతకన్నా తక్కువే ఉండాలి. ప్యాకెట్‌ ఓ పక్కకి జారినట్టు గడ్డకట్టిందంటే దారిలో కరిగి మళ్లీ బిగుసుకుందని అనుమానించాల్సిందే. లోపల మంచు పేరుకున్నా అంతే. చలికి సూక్ష్మక్రిములు చావవు, నిద్రపోతాయంతే. కరిగితే లేచి కూర్చుంటాయి. అందుకే ఒక రోజుకు సరిపడే ప్యాకెట్లే కొని, కావలసినదాన్ని ముందురోజు రాత్రి ఫ్రిజ్‌ కింది అరలోకి దించుకోవాలి. మిగిలింది మళ్లీ ఫ్రీజర్లోకి వెళ్లకూడదు.

క్రీముల దగ్గర చాలామంది పొరబడతారు. పాలమీగడతో చేసిన క్రీమును గడ్డకట్టిస్తే విరిగిపోతుంది, 5 డిగ్రీల లోపు ఫ్రిజ్‌లోనే ఉంచాలి. కేకుల మీద వాడే, వనస్పతి నూనెతో చేసిన విప్పింగ్‌ క్రీము మాత్రం సాధారణంగా గడ్డకట్టే వస్తుంది. ఏదైనా సరే, చేపలూ చికెనూ ఉన్న ఫ్రీజర్లో పెట్టారో... వాసన పట్టేస్తుంది!

ఇక కరెంటు పోతే? తలుపు తీయకపోవడమే మందు. నిండా సరుకున్న ఫ్రీజర్‌ దాదాపు రెండు రోజులు ఆగుతుంది, అద్దం మూతవి అంతసేపు ఆగవు. పండక్కి దుకాణం మూసి ఊరెళ్లేవాళ్లకి ఓ చిట్కా ఉంది. గ్లాసులో నీళ్లు గడ్డకట్టించి, పైన రూపాయి బిళ్ల పెట్టి ఫ్రీజర్లో ఉంచి వెళ్లాలి. తిరిగొచ్చాక బిళ్ల పైనే ఉంటే సరే. గ్లాసు అడుగున కనిపిస్తే మాత్రం, ఆ గుజ్జుని పారబోయాల్సిందే!