పట్టిక నుండి వెబ్ పుట

కళాశాల గ్రంథాలయములో పుస్తకములు ఇచ్చుచోట పూర్వము ఒక పెద్ద రిజిస్టరు ఉండెడిది. విద్యార్థి పేరు, తరగతి, పుస్తకము పేరు, ఇచ్చిన తేదీ, తిరిగి వచ్చిన తేదీ అను గడులు అందులో గీయబడి యుండెడివి. నేడు అదే పని చాలచోట్ల కంప్యూటరు తెరపై జరుగుచున్నది. తెరపై కనిపించు ఫారములో గడులు నింపి మీట నొక్కినంతనే, ఆ వివరములు దూరమున నున్న మరొక కంప్యూటరును చేరి అచట భద్రపరచబడును. ఇట్టి ఏర్పాటును వెబ్ అప్లికేషను అందురు. దీనికై ఒకప్పుడు పుటలకొలది ప్రోగ్రాము వ్రాయవలసి వచ్చెడిది. ఇప్పుడు గడులను, మీటలను, జాబితాలను మౌసుతో లాగి తెరపై అమర్చినంత మాత్రముననే అప్లికేషను సిద్ధమగునట్టి దృశ్య సాధనములు వచ్చినవి. ఇవి ఎట్లు పనిచేయును? ఏ పనిని మాత్రము మనకే వదలివేయును? ఈ రెండు విషయములను పరిశీలింతము.

పట్టికలే పునాది

వివరములను దాచు నిధిని డేటాబేస్ అందురు. 1970లో ఐ.బి.ఎం. సంస్థలో పనిచేయుచుండిన ఎడ్గార్ కాడ్ అను శాస్త్రజ్ఞుడు, సమాచారమునంతను ఒకదానితో ఒకటి సంబంధము గల పట్టికలుగా అమర్చవచ్చునని ప్రతిపాదించెను. 1974లో అదే సంస్థకు చెందిన చాంబర్లిన్, బాయిస్ అను ఇరువురు, ఆ పట్టికల నుండి కావలసినది అడిగి తెలిసికొనుటకు ఒక భాషను ప్రకటించిరి. నేటి ఎస్.క్యూ.ఎల్. భాష దాని నుండి వచ్చినదే.

మన గ్రంథాలయమునకు మూడు పట్టికలు కావలెను: సభ్యుల పట్టిక, పుస్తకముల పట్టిక, ఏ పుస్తకము ఎవరి వద్ద నున్నదో తెలుపు మూడవ పట్టిక. ఈ మూడవ దానిలో సభ్యుని చిరునామా మరల వ్రాయరు. అతని సంఖ్యను మాత్రమే వ్రాయుదురు. అన్నిటిని ఒకే పట్టికలో కలిపినచో, ఇరువది పుస్తకములు తీసికొన్న విద్యార్థి చిరునామా ఇరువది సార్లు చేరును. అతడు ఇల్లు మారినప్పుడు పందొమ్మిది చోట్ల దిద్ది ఒకచోట మరచినచో, ఏ చిరునామా నిజమైనదో యంత్రము చెప్పజాలదు.

తెరపై కూర్పు

భాష నేర్వని వారు కూడ పట్టికలను ప్రశ్నింపగలుగుట ఎట్లు? 1970–80 మధ్య ఐ.బి.ఎం.కు చెందిన మోషే జ్లూఫ్ ఒక సులభోపాయము చూపెను. తెరపై ఖాళీ పట్టిక కనిపించును. కావలసిన గడిలో ఒక ఉదాహరణ నింపినచో, యంత్రమే దానిని ప్రశ్నగా గ్రహించి జవాబులను వెదకి తెచ్చును. 1992లో మైక్రోసాఫ్ట్ సంస్థ విడుదల చేసిన ఆక్సెస్‌లో గడులు నింపి ప్రశ్నను కూర్చుట ఈ మార్గమునకు చెందినదే. 1993లో సెర్న్ పరిశోధనశాల వెబ్‌ను అందరి ఉపయోగమునకు ఉచితముగా విడిచిపెట్టిన పిమ్మట, ఇట్టి సౌకర్యమును వెబ్ పుటలకు కూడ కల్పించు ప్రయత్నములు సాగినవి.

వెబ్ అప్లికేషనులో మూడు అంగములు కలవు. మన యెదుట నుండునది బ్రౌజరు. అది అడిగినదానిని అందుకొనునది సర్వరు. సర్వరు అడిగినదానిని వెదకి ఇచ్చునది డేటాబేస్. పట్టిక ఏదైనను, దానిపై జరుగు పనులు ముఖ్యముగా నాలుగే: చేర్చుట, చూచుట, మార్చుట, తొలగించుట. ప్రతి పట్టికకు ఇవే మరల మరల వ్రాయవలసి యుండుటచేతనే ఈ శ్రమను యంత్రమునకు అప్పగించుట సాధ్యమైనది.

సాధనమునకు ఆధారము డేటాబేసులోనే యున్నది. ప్రతి గడి పేరు, అందులో పట్టునది అంకెయా, అక్షరములా, తేదీయా, అది తప్పక నింపవలసినదా, మరియొక పట్టికతో దానికి సంబంధము కలదా అను వివరములను కూడ డేటాబేస్ తనలోనే వ్రాసికొని యుంచుకొనును. సాధనము వానిని చదువును. తేదీ గడికి క్యాలెండరును అమర్చును. తప్పనిసరి గడి ఖాళీగా నున్నచో ఫారమును స్వీకరింపదు. సభ్యుని సంఖ్య సభ్యుల పట్టికకు చెందినదని తెలిసినచో, సంఖ్య వ్రాయుటకు బదులు పేర్ల జాబితా నుండి ఎన్నుకొను వీలు కల్పింపగలదు.

ఒరాకిల్ సంస్థ 2004లో మరియొక పేరుతో విడుదల చేసి, 2006లో అప్లికేషన్ ఎక్స్‌ప్రెస్ అని మార్చిన సాధనము ఇందుకు మంచి ఉదాహరణము. దీనిని సంగ్రహముగా ఆపెక్స్ అందురు. ఇందులో మనము అమర్చిన పుటకు వేరొక ప్రోగ్రాము వ్రాయబడదు. పుటలో ఏ గడి ఎచట నుండవలెనను వర్ణన కూడ డేటాబేసు పట్టికలలోనే నిలిచియుండును. ఎవరైన పుటను కోరినప్పుడు ఆ వర్ణనను చదివి, అప్పటికప్పుడు పుటను కూర్చి పంపును.

సాధనమునకు తెలియనిది

సాధనము పట్టిక ఆకారమునే ఎరుగును. అందలి విషయము ఎవరికి చెందినదో ఎరుగదు. విద్యార్థి తాను తీసికొన్న పుస్తకముల వివరములనే చూడవలెను. గ్రంథాలయాధికారి అందరివీ చూడవచ్చును. ఈ నియమమును మనిషియే చెప్పవలెను. తెరపై ఒక గడిని దాచినంత మాత్రమున రక్షణ కలుగదు. తెరతో నిమిత్తము లేకుండ సర్వరును నేరుగా అడుగు మార్గములు కలవు.

2021 ఆగస్టులో అప్‌గార్డ్ అను భద్రతా సంస్థ ప్రకటించిన సంగతి దీనికి నిదర్శనము. మైక్రోసాఫ్ట్ వారి పవర్ యాప్స్ అను దృశ్య సాధనముతో 47 సంస్థలు, ప్రభుత్వ శాఖలు తయారుచేసికొన్న వెబ్ పుటల నుండి 3 కోట్ల 80 లక్షల రికార్డులు ఎవరైనను చదువుకొనుటకు వీలుగా నుండెను. కోవిడ్ టీకాకై నమోదైన వారి వివరములు, ఉద్యోగములకు దరఖాస్తు పెట్టిన వారి సోషల్ సెక్యూరిటీ సంఖ్యలు వానిలో కలవు. ఎవరును ఏ తాళమును పగులగొట్టలేదు. జాబితాలను బయటికి అందించు మార్గము తెరిచినవారు, పట్టికలకు అనుమతులను విధించు ఏర్పాటును అమలుపరుపలేదు. అది ముందుగనే అమలులో నుండునట్లు సాధనము నిర్మింపబడలేదు. అటుపిమ్మట మైక్రోసాఫ్ట్ ఈ పద్ధతిని మార్చి, కొత్త పుటలకు అనుమతులు మొదటి నుండియే అమలగునట్లు చేసెను.

కావున ఇట్టి సాధనమును తెరచుటకు ముందు, కాగితముపై మూడు ప్రశ్నలకు జవాబులు వ్రాసికొనవలెను. ఏయే విషయములకు వేరువేరు పట్టికలు కావలెను? వాని మధ్య సంబంధములేవి? ఏ వివరమును ఎవరు చూడవచ్చును, ఎవరు మార్చవచ్చును? పుట సిద్ధమైన పిదప, అనుమతి లేనివాని వలె ప్రవేశించి, తనకు చెందని వివరములేవైన కనిపించుచున్నవేమో పరీక్షింపవలెను. ఈ జాగ్రత్తలు తీసికొన్నచో, ప్రోగ్రాము వ్రాయుట తెలియని ఉపాధ్యాయుడు గాని, గుమాస్తా గాని తన కార్యాలయమునకు ఉపయోగపడు అప్లికేషనును తానే కూర్చుకొనగలడు.