కుడి చెయ్యి పడిపోతే చూడాల్సింది ఎడమ మెదడును

మాది జమ్మలమడుగు దగ్గర పల్లె. రెండేళ్ల కిందట ఒకరోజు పొద్దున ఆరున్నరకు మా అబ్బ చేతిలోంచి కాఫీ గ్లాసు జారి పడింది. "ఏంది, గ్లాసు గుడక పట్టుకోల్యావా?" అని అవ్వ కసురుకుంది. అబ్బ ఏదో చెప్పబోయినాడు కానీ మాట రాలేదు. అప్పుడు చూసింది అవ్వ, మూతి ఒకపక్కకు పోయింది. కుడి చెయ్యి వేలాడుతోంది.

"గాలి సోకింది" అన్నారు చుట్టుపక్కల వాళ్లు. పావురం రక్తం పూయమని ఒకరు, పులివెందుల వైపు పసరు మందు ఇచ్చే ఊరుంది అక్కడికి తీసుకుపొమ్మని ఇంకొకరు. బెంగళూరులో ఉన్న నాకు ఫోన్ చేసినారు. ఇంజినీరింగ్ చదివిన నేను కూడా "సరే, పోండి" అనేసినాను. పసరు పోయించుకుని, అక్కడి నుంచి ప్రొద్దుటూరు వచ్చి, సీటీ స్కాన్ తీయించేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. డాక్టరు అడిగిన మొదటి ప్రశ్న ఒక్కటే: "ఎన్ని గంటలకు మొదలైంది?" ఆరున్నరకు అని చెప్తే ఆయన గోడ గడియారం వైపు చూసి ఊరుకున్నాడు.

ఆ చూపుకు అర్థం తెలియాలంటే మన తలలో ఏముందో కొంచెం తెలియాలి. నాకు పదో తరగతిలో బొమ్మ గీసి పది మార్కులు తెచ్చుకున్న జ్ఞానమే ఉండేది. ఆ తర్వాత కూర్చుని చదువుకున్నాను. బెంగళూరు నిమ్హాన్స్‌లో మెదడు మ్యూజియం ఉంది. అక్కడ నిజమైన మనిషి మెదడును గ్లౌజు వేసుకుని చేత్తో పట్టుకోనిస్తారు. అక్కడికీ పోయి వచ్చినాను.

మెదడు బరువు దాదాపు 1.3 నుంచి 1.4 కిలోలు. ఒంటి బరువులో రెండు శాతం మాత్రమే. కానీ మనం పీల్చే ఆక్సిజన్‌లో ఐదో వంతు అదే తినేస్తుంది. అందులో సుమారు 8,600 కోట్ల న్యూరాన్లు, అంటే నాడీకణాలు ఉంటాయి. కండరం కొంతసేపు రక్తం లేకపోయినా తట్టుకుంటుంది. మెదడు తట్టుకోలేదు. దానికి దాచుకునే అలవాటు లేదు. పూట కూలి లాంటిది, ఏ నిమిషం తిండి ఆ నిమిషానికే.

దాన్ని మూడు భాగాలుగా చూడండి. పైన ముడతలు ముడతలుగా ఉండేది పెద్ద మెదడు, పుస్తకాల్లో మస్తిష్కం అంటారు. ఆలోచన, మాట, జ్ఞాపకం, కదలిక దాని పని. వెనక కింద ఉండేది చిన్న మెదడు, అనుమస్తిష్కం. నడకలో తూలకుండా, చేతిలోని చెంబు ఒలకకుండా చూసేది అదే. సైజులో చిన్నదైనా న్యూరాన్లలో ఎక్కువ భాగం దానిలోనే ఉంటాయి. మూడోది మెదడు కాండం. ఊపిరి, గుండె, మింగడం మనం తలచుకోకుండానే అది నడిపిస్తుంది. దాని కిందనే వెన్నుపాము మొదలవుతుంది. చిటికెన వేలు మందాన, సుమారు 45 సెంటీమీటర్ల పొడవున వెన్నెముక లోపల దిగుతుంది. మెదడు నుంచి నేరుగా 12 జతల నాడులు, వెన్నుపాము నుంచి 31 జతల నాడులు బయల్దేరి ఒళ్లంతా అల్లుకుంటాయి. కొన్ని నాడుల్లో సందేశం సెకనుకు వంద మీటర్లు దాటి పరుగెత్తుతుంది.

ఇప్పుడు అసలు సంగతి. పెద్ద మెదడు నుంచి కదలిక కోసం దిగే తీగల్లో ఎక్కువ భాగం మెదడు కాండం అడుగున అటువి ఇటు, ఇటువి అటు దాటుకుంటాయి. అందుకే ఎడమ మెదడు కుడి చేతిని, కుడి మెదడు ఎడమ చేతిని ఆడిస్తాయి. మా అబ్బ చేతికి ఏ జబ్బూ లేదు. పసరు పూసిన ఆ చెయ్యి నిక్షేపంగా ఉంది. ఎడమ మెదడుకు రక్తం తెచ్చే నాళంలో గడ్డ అడ్డం పడింది. లైను తెగింది ఒకచోట, మేం రిపేరు చేసింది ఇంకోచోట.

మాట ఎందుకు పోయింది? చాలామందికి మాటను కూర్చే చోటు ఎడమ మెదడులోనే ఉంటుంది. 1861లో పారిస్ డాక్టరు పాల్ బ్రోకా దీన్ని చూపించినాడు. ఆయన దగ్గరికి వచ్చిన ఒక రోగికి ఎదుటివాళ్ల మాటలు అర్థమయ్యేవి, నోట మాత్రం "టాన్" అనే ఒక్క ముక్కే వచ్చేది. అతను చనిపోయాక చూస్తే ఎడమ మెదడు ముందుభాగంలో దెబ్బ కనిపించింది. మా అబ్బకు మిగిలిన మాట "పా". అన్నం కావాలన్నా "పా", మనవడు ఊరికి పోతుంటే కన్నీళ్లతోనూ "పా". మనం చెప్పేది మాత్రం అర్థమవుతుంది.

రక్తం ఆగిన చోట నిమిషానికి సుమారు 19 లక్షల న్యూరాన్లు చచ్చిపోతాయని లెక్క. గడ్డను కరిగించే ఇంజెక్షన్ మొదలైన నాలుగున్నర గంటల లోపే ఇవ్వాలి. మా అబ్బకైతే పదకొండు లోపు. ఆ టైముకు మేం పసరు కోసం వరుసలో కూర్చోనున్నాం. డాక్టరు గడియారం చూసింది అందుకు.

కాబట్టి ఇవి గుర్తు పెట్టుకోండి. నవ్వమంటే మూతి వంకర పోవడం, రెండు చేతులు ఎత్తమంటే ఒకటి వాలిపోవడం, మాట ముద్దగా రావడం. వీటిలో ఏ ఒక్కటి ఉన్నట్టుండి వచ్చినా టైము చూసుకుని 108కి ఫోన్ చేయండి. సీటీ స్కాన్, ఆ ఇంజెక్షన్ ఎక్కడ ఉన్నాయో కనుక్కుని నేరుగా అక్కడికే పోండి. నీళ్లు, కాఫీ, పసరు ఏదీ నోట్లో పోయొద్దు. మింగే నాడులు దెబ్బతినుంటే అది ఊపిరితిత్తుల్లోకి పోతుంది. ఆస్పిరిన్ కూడా సొంతంగా వేయొద్దు. అది గడ్డా, రక్తం చిట్లడమా అనేది స్కాన్ చెప్పాలి. పది నిమిషాల్లో అన్నీ సర్దుకున్నా సరే ఆస్పత్రికి పోవాల్సిందే, అది పెద్దదానికి ముందు వచ్చే హెచ్చరిక కావచ్చు. ఆలస్యమైపోయిందని ఇంట్లో కూర్చోవద్దు. పెద్ద నాళం మూసుకుపోతే తీగ పంపి గడ్డను లాగేసే చికిత్స కొందరికి 24 గంటల వరకు కూడా చేస్తారు. అన్నిటికంటే ముందు బీపీ చూపించుకోండి. మా అబ్బ ఎన్నడూ చూపించుకోలేదు.

కాలును ఆడించే చోటు మెదడు పైన, లోపలి అంచున ఉంటుంది. దానికి రక్తం వేరే నాళం నుంచి ఎక్కువగా వస్తుంది. అందుకే అబ్బకు చెయ్యి రాలేదు గానీ కాలు కొంత వచ్చింది. ఫిజియోథెరపీతో ఇప్పుడు కట్టె పట్టుకుని వీధి చివర దాకా నడుస్తాడు. నేను ఊరికి పోతే ఎడమ చేత్తో నా చెయ్యి పట్టుకుని "పా" అంటాడు. ఇద్దరం పెన్న వైపు నడుస్తాం.