అటక మీది చేతి మిషను: అమ్మే ముందు, కొనే ముందు

చెన్నైలో మన తెలుగువాళ్ల పాత ఇళ్లల్లో అటక మీదో, మంచం కిందో వంపు తిరిగిన చెక్కమూత పెట్టె ఒకటి కనిపిస్తుంటుంది. లోపల నల్లటి కుట్టు మిషను, పక్కన చేత్తో తిప్పే పిడి. తొక్కుడు మిషను వేసినచోటే ఉంటుంది. ఇది అలా కాదు, మూత మీది పిడి పట్టుకుని పుట్టింటి నుంచి అత్తింటికీ, అద్దె ఇంటి నుంచి అద్దె ఇంటికీ మోసుకుపోవచ్చు. ఇప్పుడు ఇల్లు ఖాళీ చేసేటప్పుడు కాయలాన్ కడకు ముందుగా పోయేదీ ఇదే. అక్కడ దీన్ని ఇనుము కింద కిలోల లెక్కన తూస్తారు. ఇంకోపక్క, "వందేళ్లది, లక్షలు పలుకుతుంది" అనేవాళ్లూ ఉన్నారు. రెండూ తప్పు లెక్కలే. పాత మిషను విలువ బరువులో లేదు, వయసులోనూ లేదు. లోపలి సామాను పూర్తిగా ఉందా, ఇంకా కుడుతుందా అన్నదాంట్లోనే ఉంది.

ఇవి ఎక్కడివి?

అమెరికాలో ఐజాక్ సింగర్ తన మిషనుకు 1851లో పేటెంటు తీసుకున్నాడు. 1856లో ఆ కంపెనీ వాయిదాల పద్ధతి మొదలుపెట్టడంతో మామూలు ఇళ్లకు కూడా మిషను అందుబాటులోకి వచ్చింది. స్కాట్లండులోని క్లైడ్‌బ్యాంక్‌లో 1885 నాటికి కిల్‌బౌవీ ఫ్యాక్టరీ తయారైంది, 1980లో మూతపడింది. 28కె, 99కె లాంటి పేర్లలో 'కె' అంటే ఆ కిల్‌బౌవీయే. 1930ల్లో కలకత్తాలోని జై ఇంజనీరింగ్ వర్క్స్ మన దేశపు ఉషా మిషన్లను మొదలుపెట్టింది. యంత్రాల మీద అంత విమర్శ చేసిన గాంధీగారు కూడా 1924లో ఒక సంభాషణలో సింగర్ మిషనుకు మినహాయింపు ఇచ్చారు. భార్య చేత్తో కుట్టుకుంటూ పడే శ్రమ చూడలేక ఆయన దాన్ని కనిపెట్టాడని గాంధీగారి అభిప్రాయం.

సేకరించేవాళ్లలో అన్నిటికన్నా పేరున్న చిన్న మిషను మాత్రం వేరే ఉంది. 1933లో వచ్చిన సింగర్ 221, ఫెదర్‌వెయిట్ అంటారు. అల్యూమినియం ఒళ్లు, మడిచిపెట్టే బల్ల, సుమారు 5 కిలోల బరువు, కరెంటుతో నడుస్తుంది. మన అటకల మీద ఉండేవి ఎక్కువగా పోత ఇనుపవి. ఎత్తితే భుజం లాగుతుంది!

ఏ రకమో తెలుసుకోవడం

సూది దగ్గరి మెరిసే రేకు జరిపి చూడండి.

పొడుగాటి షటిల్, అందులో పుల్లలాంటి సన్నటి పొడుగు బాబిన్ ఉంటే అది 28 లాంటి రకం. మగ్గం తెలిసిన ఇళ్లవాళ్లకు ఇది వెంటనే అర్థమవుతుంది. నేతలో నాడె చేసే పనినే ఇక్కడ ఈ బుల్లి నాడె చేస్తుంది, పై దారం ఉచ్చులోంచి దూరి కింది దారాన్ని లాక్కుపోతుంది.

గుండ్రటి బాబిన్ పైనుంచి పడేసేలా ఉంటే 66, లేదా దాని చిన్న చెల్లెలు 99. బాబిన్ కేసుతో సహా కింద పక్కనుంచి పెట్టేదైతే 15 రకం. దీని పోలికతో మన దేశంలో చాలా మిషన్లు తయారయ్యాయి కనుక విడి సామాన్లు సులువుగా దొరుకుతాయి.

కొనేముందు ఇవి చూడండి

1. షటిల్, బాబిన్ ఉన్నాయా? పొడుగు షటిల్ లేని 28ని కొంటే, మిషను కన్నా షటిల్ కోసమే ఎక్కువ తిరగాల్సి వస్తుంది.

2. చక్రం మనవైపుకి నెమ్మదిగా తిప్పండి. సూది లేచి దిగాలి, పాదం కింది పళ్లు ముందుకూ వెనక్కూ కదలాలి. బిగుసుకుపోతే భయపడొద్దు, చాలాసార్లు అది ఎండిన నూనె, చిక్కుకున్న దారం. విరిగిన పళ్లచక్రం, పగిలిన పోత మాత్రం వేరే సంగతి. అలాంటిది వదిలేయడం మేలు.

3. కుడివైపు అడుగు బల్ల మీద నంబరు చూడండి. సింగర్‌లో 1900 తర్వాతి నంబర్లకు ముందు ఇంగ్లీషు అక్షరం ఉంటుంది. ఏ ఏడాది తయారైందో చెప్పేది ఆ నంబరే. బంగారు రంగు పేరును ఎవరైనా కొత్తగా అంటించవచ్చు, కాబట్టి పేరు చూసి డబ్బు ఇవ్వొద్దు.

4. ఒక గుడ్డముక్క, దారం దగ్గరుంచుకోండి. కుట్టి చూపించమనండి.

ఇంటికి తెచ్చాక

కొబ్బరినూనె, వంటనూనె పోయకండి. అవి కొన్నాళ్లకు జిగురై మిషనును పట్టేస్తాయి. మిషన్ నూనె కన్నాల్లో చుక్కలు చుక్కలుగా వేసి ఒకటి రెండు రోజులు వదిలేయండి, బలవంతంగా తిప్పొద్దు. బంగారు పువ్వుల డిజైను మీద స్పిరిట్‌తో రుద్దితే పైపూత కరిగి డిజైనూ పోతుంది. మెత్తటి గుడ్డకు కాస్త మిషన్ నూనె చాలు.

ఒక పుకారు

2009లో సౌదీ అరేబియాలో ఒక పుకారు లేచింది. పాత సింగర్ మిషన్లలో 'ఎర్ర పాదరసం' ఉందట, మొబైల్ ఫోను దగ్గర పెడితే సిగ్నల్ పోతుందట! జనం వేల రియాళ్లు పోసి కొన్నారు. మిషనులో ఉండేది ఇనుము, ఉక్కు, కాస్త నూనె, అంతే. ఇలాంటి కథ చెప్పి ఎవరైనా మీ అమ్మమ్మ మిషను బేరమాడినా, మీకు అమ్మజూపినా, దండం పెట్టి పంపేయండి.

ఆస్తిపత్రంలో తన పేరు లేని ఎంతోమంది ఆడవాళ్లకు ఇది మాత్రం తన సొంత సామాను. జాకెట్లు, లంగాలు కుట్టి పిల్లల ఫీజులు కట్టింది దీని మీదే. అమ్మాల్సి వస్తే అమ్ముకోవచ్చు, తప్పేం లేదు. కానీ ఇనుముగా కాకుండా, కుట్టేవాళ్ల చేతికి మిషనుగా అమ్మండి. అంతకుముందు నంబరు, ఎవరు కొన్నారు, ఎప్పుడు, దాని మీద ఏమేం కుట్టారు అన్నవి ఇంట్లో పెద్దవాళ్లనడిగి ఒక కాగితం మీద రాసుకోండి. ఆ కాగితాలు డిపార్ట్‌మెంటుకు తెచ్చివ్వండి, వచ్చే సంచికలో ఈ గోడ మీదే వరసగా పెడదాం.