సొంత సైన్యం తుపాకీకి ఎదురుగా

యుద్ధంలో చనిపోయిన సైనికుడు అనగానే మన మనసులో మెదిలేది శత్రువు తూటా. కానీ మొదటి ప్రపంచ యుద్ధంలో బ్రిటిష్ సైన్యం తన మనుషుల్నే తెల్లవారుజామున కొయ్యకు కట్టి, కళ్ళకు గంతలు కట్టి, గుండె మీద తెల్లటి గుర్తు పెట్టి కాల్చి చంపింది. హత్యలాంటి నేరాలు పక్కన పెడితే, పారిపోయారనో పిరికితనం చూపారనో మాట వినలేదనో అలా ప్రాణం తీసినవాళ్ళు 306 మంది. చాలాసార్లు కాల్చినవాళ్ళు కూడా అదే పటాలం కుర్రాళ్ళే. వందేళ్ళు దాటినా వీళ్ళ గురించి తప్పుడు మాటలు ఇంకా చెలామణి అవుతూనే ఉన్నాయి.

అపోహ: వాళ్ళంతా పిరికివాళ్ళు.

వాస్తవం: పిరికితనం అనే నేరం కింద చంపింది 18 మందినే. చాలామంది మీద మోపింది విధి వదిలి వెళ్ళిన నేరం. సరే, ఆ 18 మందిలో ఒకరి కథ చూద్దాం. హ్యారీ ఫార్ 1908లో సైన్యంలో చేరాడు. 1914లోనే ఫ్రాన్స్ వెళ్ళి కందకాల్లో దిగాడు. 1915లో ఫిరంగి గుళ్ళ మోతకు నరాలు దెబ్బతిని 5 నెలలు ఆసుపత్రిలో పడి ఉన్నాడు. చేతులు ఎంతగా వణికేవంటే, భార్యకు ఉత్తరం రాయడానికి కలం పట్టుకోలేకపోయేవాడు. ఆయన చెబుతుంటే నర్సు రాసిపెట్టేది. ఇంటికి వచ్చిన ఉత్తరంలో ఉన్నది పరాయి చేతిరాత.

కాస్త కుదుటపడగానే మళ్ళీ ముందు వరుసకు పంపారు. 1916 సెప్టెంబరులో, సోమ్ నది దగ్గర పోరు నడుస్తుండగా, ఇక తన వల్ల కాదన్నాడు. విచారణ దాదాపు 20 నిమిషాల్లో ముగిసింది. ఆయన తరఫున మాట్లాడేవాళ్ళు లేరు. వైద్యం చేసిన డాక్టరు తానే గాయపడి అందుబాటులో లేడు. అక్టోబరు 16న కాల్చేశారు. కళ్ళకు గంతలు వద్దన్నాడు. పాతికేళ్ళ మనిషి. రెండేళ్ళపాటు ఆ నరకంలో నిలబడినవాడిని పిరికివాడనడానికి నాకు నోరు రాదు.

అపోహ: అప్పట్లో మానసిక గాయం అనేది ఎవరికీ తెలియదు పాపం.

వాస్తవం: తెలుసు. సైనిక వైద్యంలో పనిచేసిన చార్లెస్ మైయర్స్ 1915 ఫిబ్రవరిలోనే లాన్సెట్ వైద్య పత్రికలో 'షెల్ షాక్' గురించి రాశాడు. ఫార్ ప్రాణం పోయింది ఆ తర్వాత ఏడాదిన్నర దాటాక. ఎడిన్‌బరో దగ్గర క్రెయిగ్‌లాకార్ట్‌లో ఇదే జబ్బుకు ఆఫీసర్ల కోసం ప్రత్యేకంగా ఆసుపత్రి నడిచింది. కవులు విల్ఫ్రెడ్ ఓవెన్, సీగ్‌ఫ్రీడ్ ససూన్ చికిత్స పొందింది అక్కడే. యుద్ధం మొత్తంలో మరణశిక్ష అమలైన ఆఫీసర్లు ముగ్గురే. జబ్బు ఒకటే అయినా, భుజం మీది హోదాను బట్టి ఒకరికి మంచం, ఒకరికి కొయ్య.

అపోహ: వేలమందిని కాల్చేశారు.

వాస్తవం: ఇది వాళ్ళ మీద జాలిపడేవాళ్ళ వైపు నుంచి వచ్చే అతిశయోక్తి. సుమారు 3,000 మందికి మరణశిక్ష పడింది. దాదాపు పది మందిలో తొమ్మిది మందికి అది తగ్గిపోయింది. ఇది విని కొందరు సైన్యం దయ చూపింది కదా అంటారు. నాకైతే ఇదే మరింత బాధ కలిగిస్తుంది. తగ్గించే వీలుంది, తగ్గించడం అలవాటూ ఉంది. అయినా ఆఖరి సంతకం పెట్టే సేనాధిపతి ముందుకు కాగితం వచ్చేసరికి, ఆ పటాలంలో క్రమశిక్షణ ఎలా ఉంది, మిగతావాళ్ళకు భయం పెట్టాలా వద్దా అన్న ప్రశ్నలూ తూకంలో పడేవి. అంటే మనిషి చేసిన పని ఒక్కటే అతని చావును నిర్ణయించలేదు.

అపోహ: అంత కఠినంగా లేకపోతే సైన్యం చెల్లాచెదురైపోయేది.

వాస్తవం: పక్క కందకంలోనే ఆస్ట్రేలియావాళ్ళు ఉన్నారు. వాళ్ళలోనూ వందమందికి పైగా మరణశిక్ష పడింది. కానీ ఆస్ట్రేలియా ప్రభుత్వం ఒప్పుకోలేదు, ఒక్కరినీ కాల్చలేదు. బ్రిటన్ సేనాధిపతులు ఎన్నిసార్లు ఒత్తిడి చేసినా లొంగలేదు. ఆ సైన్యం చెల్లాచెదురు కాలేదు, చివరిదాకా పోరాడింది.

అపోహ: చంపడం తప్ప మిగతా శిక్షలు మామూలువే.

వాస్తవం: 'ఫీల్డ్ పనిష్‌మెంట్ నంబర్ వన్' అని ఒకటి ఉండేది. మనిషిని ఫిరంగి బండి చక్రానికో కొయ్యకో కట్టేసి, రోజుకు రెండు గంటల దాకా ఎండలో, వానలో అలాగే నిలబెట్టేవాళ్ళు. తోటివాళ్ళ కళ్ళ ముందే. దాన్ని 1923లో గానీ ఎత్తెయ్యలేదు.

మనవాళ్ళ సంగతి మరీ ఘోరం. తెల్ల సైనికులకు కొరడా దెబ్బలు 1881లోనే రద్దయ్యాయి. భారతీయ సిపాయిలకు మాత్రం 1920 దాకా కొనసాగాయి. 1914లో ఫ్రాన్స్ చలిలో దిగిన సిపాయిలకు చేతి గాయాలు ఎక్కువగా కనిపించగానే, వీళ్ళే కావాలని కాల్చుకుంటున్నారన్న అనుమానం మొదలైంది. బ్రైటన్‌లోని కిచెనర్ ఇండియన్ ఆసుపత్రి అధిపతి కల్నల్ బ్రూస్ సీటన్ 1,000 గాయాలను ఒక్కొక్కటిగా పరిశీలించి, ఆ అనుమానానికి ఆధారం లేదని తేల్చాడు. కందకంలో తుపాకీ ఎత్తి పట్టుకున్నవాడికి గట్టు పైకి కనిపించేవి తలా, చేతులే కదా! ఊరు దాటి, సముద్రం దాటి, ఎవరి యుద్ధమో చేయడానికి వెళ్ళినవాడి గాయాన్నే నేరంగా చూశారు.

అపోహ: 2006లో క్షమాభిక్షతో వాళ్ళు నిర్దోషులయ్యారు.

వాస్తవం: పూర్తిగా కాదు. 2006లో బ్రిటన్ చేసిన చట్టం 306 మందికీ క్షమాభిక్ష ఇచ్చింది, ఆ చావుకు వాళ్ళు తగినవాళ్ళు కాదని ఒప్పుకుంది. కానీ నేర నిర్ధారణను మాత్రం కొట్టెయ్యలేదు. ఆ మాటను చట్టంలోనే రాశారు.

స్టాఫర్డ్‌షైర్‌లోని ఆల్రవస్ స్మారక వనంలో ఈ 306 మంది పేరిట 306 కొయ్యలు నాటారు. వాటి ముందు చేతులు వెనక్కి కట్టేసిన కుర్రాడి విగ్రహం ఉంది. వయసు దాచి 16 ఏళ్ళకే చేరి, 17 ఏళ్ళకు 1915 జులైలో కాల్పులకు బలైన హెర్బర్ట్ బర్డెన్‌ను తలుచుకుని చెక్కిన విగ్రహం అది. వనంలో సూర్యుడి మొదటి కిరణం పడే తూర్పు చివరనే ఆ చోటు ఎంచుకున్నారు.

ఫార్ చనిపోయాక ఆయన భార్యకు పింఛను ఆగిపోయింది. పసిపిల్లను పెట్టుకుని ఇళ్ళల్లో పనికి వెళ్ళింది. భర్త ఎలా పోయాడో దశాబ్దాలపాటు కూతురికి కూడా చెప్పుకోలేదు. క్షమాభిక్ష వచ్చేనాటికి ఆ కూతురికి 93 ఏళ్ళు. తల్లి అప్పటికే కన్నుమూసింది.