మారునవి, మారనివి

కంప్యూటరుచేత పని చేయించుటకు మానవుడు కల్పించిన భాషలలో పైథాన్ ఒకటి. ఆమ్‌స్టర్‌డామ్ నగరమందలి ఒక పరిశోధన సంస్థలో పనిచేయుచుండిన గీడో వాన్ రోసమ్ దీనిని 1991లో వెలువరించెను. ఈ పేరునకు కొండచిలువతో సంబంధము లేదు. బ్రిటిషు టెలివిజనులోని ఒక హాస్య కార్యక్రమము పేరునుండి ఆయన దీనిని గ్రహించెను.

పెక్కు అంశములను ఒక్క పేరుక్రింద కూర్చియుంచుటకు ఈ భాషలో కొన్ని సాధనములు కలవు. చదరపు బ్రాకెట్ల నడుమ కామాలతో వేరుచేసి వ్రాసినచో అది లిస్టు. దానిలో కొత్త అంశమును చేర్పవచ్చును, ఉన్నదానిని తీసివేయవచ్చును, మార్చవచ్చును. గుండ్రని బ్రాకెట్లలో వ్రాసినచో అది టపుల్. లిస్టు పలకమీది వ్రాత వంటిది. టపుల్ శిలాశాసనము వంటిది. టపుల్‌లోని అంశమును మార్చబూనినచో పైథాన్ తప్పును చూపి పని నిలిపివేయును.

మార్పునకు లొంగుట సుగుణమే కదా, టపుల్ ఎందులకని విద్యార్థులు శంకింపవచ్చును. ఒక ఉపాధ్యాయుడు ముగ్గురు బాలుర మార్కులను 35, 62, 48 అని లిస్టుగా వ్రాసి, దానికి ‘అసలు’ అని పేరిడెననుకొందము. పిమ్మట ‘నకలు = అసలు’ అని వ్రాసి, నకలులో మొదటి మార్కును 40గా దిద్దెను. (మొదటి స్థానమును పైథాన్ 0 అని లెక్కించును.) అసలును తెరచి చూడగా అందును 40యే కనబడెను! ఏలయనగా, ఆ సమాన చిహ్నము కొత్త లిస్టును సృష్టింపలేదు. ఉన్న లిస్టునకే రెండవ పేరు పెట్టినది. ఇంట చిన్నా అని పిలిచినను, బడిలో రామచంద్రరావు అని పిలిచినను బాలుడొక్కడే; ఇంట జలుబు చేసినచో బడిలోను తుమ్మును. ఇచట పైథాన్ ఏ తప్పును చూపదు. కావుననే ఇది అనుభవజ్ఞులను సైతము మోసగించును. ఆ బాలునికి మొదట వచ్చినది 35 అని తెలిసికొనుటకు ఇక ఆ లిస్టులో ఆధారమే లేదు. నిజమైన నకలు కావలెనన్న కాపీ అను ఆజ్ఞను వాడవలెను. మార్కులను టపుల్‌గా వ్రాసియుండినచో ఆ దిద్దుబాటే సాగెడిది కాదు.

మూడవది డిక్షనరీ. నిఘంటువులో పదమును బట్టి అర్థము దొరకినట్లు, ఇందు ‘కీ’ని బట్టి విలువ దొరకును. కీనుండి పైథాన్ ఒక సంఖ్యను గణించి, దానిని బట్టి విలువను దాచు చోటు నిర్ణయించును. కీ మారినచో ఆ సంఖ్యయు మారును; దాచినది మరల దొరకదు. అందుచేత లిస్టును కీగా అంగీకరింపదు. ఒకే అంశమును రెండుమారులు ఉండనీయని సెట్టునకును, దాని అంశముల విషయమున, ఇదే నియమము.

టపుల్‌లోపల లిస్టును ఉంచినచో ఏమగును? ఆ లిస్టును తీసివేసి వేరొకదానిని పెట్టనీయదు గాని, ఆ లిస్టులోని అంశములు మారుచునే యుండవచ్చును. అట్టి టపుల్ సహితము డిక్షనరీకి కీగా పనికిరాదు.